నెల మధ్యలో వచ్చే ఆ జిగురు తెల్లబట్ట కాదు: గర్భం నిలిచే రోజులను ఒంటిని చూసి గుర్తుపట్టడం ఎలా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివానమ్మా. మీకు 27 ఏళ్లు, గాజువాకలో ఉంటున్నారు, పెళ్లయి ఏడాదిన్నర. ఎనిమిది నెలలుగా పిల్లల కోసం చూస్తున్నారు. డేట్ 33 నుంచి 36 రోజులకు వస్తుంది. డేట్ మొదలైన రోజు నుంచి లెక్కపెట్టి ఫోన్‌లో యాప్ అండం విడుదలయ్యేది పద్నాలుగో రోజు అని చూపిస్తోంది కాబట్టి 12 నుంచి 15 వరకు కలుస్తున్నారు, తర్వాత వదిలేస్తున్నారు. 18, 19 రోజుల దగ్గర గుడ్డు తెల్లసొనలాంటి జిగురు పడుతోంది. తెల్లబట్టేమోనని భయపడి మందుల షాపులో అడిగి మాత్రలు కూడా వేసుకున్నారు. మీ వారికి స్టీల్ ప్లాంట్‌లో షిఫ్టులు, అందుకే అసలు ఏ రోజులు ముఖ్యమో తెలియాలి అంటున్నారు.

ముందు సమాధానం చెప్పేస్తాను. ఆ జిగురు జబ్బు కాదు. మీ ఒంట్లో అండం విడుదల కాబోతోందని చెప్పే గుర్తు అదే. మీ లెక్కన అండం 19 నుంచి 22వ రోజు మధ్య విడుదలవుతూ ఉండాలి. అంటే మీరు కలవడం ఆపేసిన తర్వాతే మీ అసలు రోజులు వస్తున్నాయి. ఈ నెల నుంచి యాప్ చెప్పే తేదీ పక్కన పెట్టి, ఆ జిగురు కనిపించిన రోజు నుంచి అది ఆగిపోయిన మర్నాటి దాకా రోజు విడిచి రోజు కలవండి. దొరికిన మాత్రలు మీ అంతట మీరు వేసుకోవడం మానేయండి.

నేను డాక్టర్ని కాదు, నర్సును. ప్రసూతి వార్డులో పదిహేనేళ్లు చేశాను, గత పదకొండేళ్లుగా మద్దిలపాలెం వైపు ఒక సంతాన సాఫల్య క్లినిక్‌లో చేస్తున్నాను. స్కానింగ్ గది బయట కూర్చున్నవాళ్లతో మాట్లాడటం, ఏ రోజు రావాలో చెప్పడం, వాళ్ల క్యాలెండర్ చూడటం నా పని. మీలాంటి ప్రశ్న వారంలో ఇద్దరు ముగ్గురైనా అడుగుతారు. కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను, మీలాంటి ఇంకొందరికి కూడా పనికొస్తుంది.

పద్నాలుగో రోజు ఎక్కడి నుంచి వచ్చింది?

28 రోజులకు సరిగ్గా డేట్ వచ్చేవాళ్లకు పద్నాలుగో రోజు దగ్గర అండం విడుదలవుతుంది. అక్కడి వరకు నిజమే. కానీ లెక్క ముందు నుంచి కాదు, వెనక నుంచి వేయాలి. 1920ల్లో జపాన్‌లో ఒగినో, ఆస్ట్రియాలో క్నౌస్ అనే ఇద్దరు డాక్టర్లు ఎవరికి వారుగా ఈ సంగతి కనిపెట్టారు. అండం విడుదలయ్యాక తర్వాతి డేట్ రావడానికి చాలామందిలో దాదాపు రెండు వారాలు పడుతుంది. ఒకటి రెండు రోజులు అటూ ఇటూ. నెలసరి పొడవు పెరిగినా తగ్గినా మారేది ఎక్కువగా ముందు భాగమే. 24 రోజులకు డేట్ వచ్చే అమ్మాయికి పదో రోజుకే అండం విడుదలైపోతుంది. 36 రోజులకు వచ్చేవారికి 22 దాకా ఆగుతుంది. రెండిటికీ పద్నాలుగు అని పెట్టుకుంటే ఇద్దరూ నష్టపోతారు.

అమెరికాలో 221 మంది ఆడవాళ్ల రోజువారీ మూత్రం పరీక్షించి 1995లో ఒక అధ్యయనం వేశారు. అందులో తేదీ తేలిన గర్భాలన్నీ ఒకే ఆరు రోజుల్లో నిలిచాయి: అండం విడుదలైన రోజు, దానికి ముందు ఐదు రోజులు. తర్వాతి రోజు కలిసినవాళ్లకు నిలవలేదు. అదే బృందం 2000లో ఇంకో సంగతి చెప్పింది. ఆ ఆరు రోజులూ 10 నుంచి 17వ రోజు లోపల పూర్తిగా ఇమిడేది సుమారు 30 శాతం మందికే. మిగతావాళ్లకు ఇంకా ముందో వెనకో. కాబట్టి మీరేదో తేడాగా ఉన్నారని అనుకోవద్దు.

ముందు ఐదు రోజులు ఎందుకంటే, వీర్యకణాలు మంచి జిగురులో ఐదు రోజుల దాకా బతికి ఉండగలవు. అండం మాత్రం విడుదలయ్యాక 12 నుంచి 24 గంటలే. వీర్యకణాలే ముందు వెళ్లి ఎదురుచూడాలి. అండం వచ్చాక వెళ్తే ఆలస్యమైపోతుంది.

జిగురును ఎలా చూడాలి

డేట్ ఆగాక కొన్ని రోజులు పొడిగా ఉంటుంది. తర్వాత కొంచెం బంకలా, చెయ్యి పెడితే పిండి అంటినట్టు తెల్లగా వస్తుంది. అక్కడి నుంచి పల్చబడి మీగడలా అవుతుంది. ఒంట్లో ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ పెరిగే కొద్దీ ఇలా మారుతుంది. చివరికి పచ్చి గుడ్డు తెల్లసొనలా, పారదర్శకంగా, జారుడుగా వస్తుంది. ఇదే మీరు చూస్తున్నది.

చూసే పద్ధతి చెబుతాను. బాత్‌రూమ్‌కు వెళ్లినప్పుడు, మూత్రానికి ముందు, తెల్లటి టిష్యూ కాగితంతో ముందు నుంచి వెనక్కి ఒకసారి తుడవండి. కాగితం గరగరా ఆగిందా, జర్రున జారిందా? ఆ జారడమే సగం సమాధానం. తర్వాత కాగితం మీదున్నదాన్ని బొటనవేలు, చూపుడు వేలు మధ్య తీసుకుని నెమ్మదిగా వేళ్లు విడదీయండి. బంకలా ఉంటే వెంటనే తెగిపోతుంది. తెల్లసొన రకమైతే దారంలా సాగుతుంది, రెండు మూడు అంగుళాలు సాగినా తెగదు. లోపలికి వేలు పెట్టాల్సిన పని లేదు. రోజుకు రెండు మూడు సార్లు చూసి, ఆ రోజు కనిపించినవాటిలో ఎక్కువ జారుడుగా ఉన్నదాన్ని రాత్రి పడుకునే ముందు రాసుకోండి.

మన విశాఖలో ఒక ఇబ్బంది ఉంది, ఉక్క. ఏప్రిల్ నుంచి వర్షాలు పడే దాకా లోదుస్తులు ఎప్పుడూ చెమటతో తడిగానే ఉంటాయి. బట్ట మీద తడి చూసి లెక్కపెట్టుకుంటే రోజూ గుర్తు కనిపించినట్టే ఉంటుంది. అందుకే కాగితంతో తుడిచి చూడమంటున్నాను. ముందు రోజు రాత్రి కలిసి ఉంటే పొద్దున కనిపించేది వీర్యం కావచ్చు. అది సాగదు, వేళ్ల మధ్య త్వరగా ఆరిపోతుంది. ఆ రోజు మధ్యాహ్నం తర్వాత చూడండి.

జారుడుగా ఉన్న రోజుల్లో చివరి రోజే అన్నిటికంటే ముఖ్యమైనది. మెల్‌బోర్న్‌లో జాన్ బిల్లింగ్స్ అనే డాక్టర్ 1950ల నుంచి, తర్వాత ఆయన భార్య ఎవలిన్ కూడా ఈ పద్ధతి మీదే పనిచేశారు. వాళ్లు దాన్ని పీక్ డే అన్నారు. అండం ఎక్కువమందిలో ఆ రోజో, దానికి అటూ ఇటూ ఒకటి రెండు రోజుల్లోనో విడుదలవుతుంది. చిక్కేమిటంటే, అదే చివరి రోజని మర్నాడు జిగురు గట్టిపడ్డాక, పొడిబారాకగానీ తెలియదు. అందుకే "చివరి రోజు కోసం ఆగుదాం" అనుకోవద్దు. జారుడు మొదలవగానే మొదలుపెట్టండి.

మరి తెల్లబట్ట అంటే?

ఈ మాట దగ్గర కొంచెంసేపు ఆగాలి. మన ఇళ్లలో కింద నుంచి తెల్లగా ఏది పడినా తెల్లబట్టే. ఒళ్లు నీరసించిపోతుందని, ఎముకలు కరిగిపోతున్నాయని పెద్దవాళ్లు భయపెడతారు. ఎముకలు కరగడం అనేది లేదు. నర్సింగ్ చదివిన నేనే పెళ్లయిన కొత్తలో ఆ భయంతో రెండేళ్లు ఏవేవో మాత్రలు వేసుకున్నాను. నాకు 34 రోజులకు డేట్ వచ్చేది. ఇరవయ్యో రోజు దగ్గర జిగురు కనిపించగానే ఇద్దరం దూరంగా ఉండేవాళ్లం, జబ్బు తగ్గాక చూద్దామని. మా వార్డులో ఒక పెద్ద సిస్టర్ విని, నా చెయ్యి పట్టుకుని, "ఆ నాలుగు రోజులే కదమ్మా నీవి" అన్నారు. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. ఈ సమాధానం ఇంత పొడుగ్గా రాయడానికి కారణం కూడా అదే.

తేడా సులువుగానే తెలుస్తుంది. అండం విడుదలయ్యే రోజుల జిగురుకు వాసన ఉండదు, దురద ఉండదు, మంట ఉండదు, నాలుగైదు రోజులుండి దానంతట అదే పోతుంది. పెరుగు విరిగినట్టు ముద్దలు ముద్దలుగా పడి విపరీతంగా దురద పెడితే అది ఫంగస్. బూడిద రంగులో పల్చగా, చేపల వాసన వస్తే బ్యాక్టీరియా ఇన్‌ఫెక్షన్. ఆకుపచ్చగా, పసుపుగా పడినా, పొత్తికడుపు నొప్పి, జ్వరం ఉన్నా వెంటనే గైనకాలజిస్ట్‌కు చూపించుకోవాలి. ఆ మూడింటికీ మందులు వేర్వేరు, అందుకే షాపులో అడిగి కొనొద్దన్నాను. శుభ్రం పేరుతో లోపల సబ్బు, యాంటీసెప్టిక్ లోషన్లతో కడగడం కూడా వద్దు. మామూలు నీళ్లతో బయట కడిగితే చాలు. కలిసేటప్పుడు పొడిగా ఉందని కొబ్బరినూనె, ఉమ్మి వాడేవాళ్లుంటారు, పిల్లల కోసం చూస్తున్న నెలల్లో అవి వీర్యకణాల కదలికకు మంచివి కాకపోవచ్చు. జలుబు మాత్రల్లో కొన్ని ముక్కు జిగురుతోపాటు ఈ జిగురును కూడా ఆరబెడతాయి, ఆ నెల గుర్తు సరిగ్గా కనిపించకపోతే అది కూడా గుర్తుంచుకోండి.

టెంపరేచర్ సంగతి

మీ ప్రశ్న కింద ఒకరు "థర్మామీటర్ పెట్టుకుంటే చాలు" అన్నారు. చాలదు. అండం విడుదలయ్యాక ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ వల్ల ఒంటి వేడి 0.2 నుంచి 0.5 డిగ్రీల సెల్సియస్ పెరుగుతుంది, డేట్ వచ్చేదాకా అలాగే ఉంటుంది. మన ఇంట్లో ఫారన్‌హీట్ థర్మామీటరే ఎక్కువ కాబట్టి ఆ లెక్కలో చెబుతాను: ఆరు రోజులు 97.2, 97.3 దగ్గర తిరిగి, తర్వాత వరసగా మూడు రోజులు 97.8 దగ్గర నిలిస్తే అండం విడుదలైపోయిందని అర్థం. విడుదలైపోయిందని. అప్పటికి ఆ నెల అవకాశం దాటిపోయింది. అంటే జిగురు ముందు చెబుతుంది, టెంపరేచర్ తర్వాత ఖాయం చేస్తుంది. రెండు మూడు నెలలు రెండూ కలిపి రాసుకుంటే మీ ఒంటి లెక్క మీకు తెలిసిపోతుంది, ఆ తర్వాత థర్మామీటర్ అక్కర్లేదు.

రెండు దశాంశాలు చూపించే డిజిటల్ థర్మామీటర్ కొనండి. కనీసం మూడు నాలుగు గంటలు నిద్రపోయి లేచాక, మంచం దిగకముందే, మాట్లాడకముందే, నీళ్లు తాగకముందే నాలుక కింద పెట్టుకోవాలి. రోజూ ఒకే సమయానికి. ఇక్కడే చాలామందికి కుదరదు. మీ వారు నైట్ షిఫ్ట్ చేసి వచ్చి తలుపు కొట్టే రోజు మీరు లేచేస్తారు. జ్వరం ఉన్నా, రాత్రంతా నిద్ర లేకపోయినా, కరెంటు పోయి మేడ మీద పడుకున్నా ఆ రోజు అంకె తప్పు చూపిస్తుంది. అలాంటి రోజు పక్కన చిన్న గుర్తు పెట్టి వదిలేయండి, దాని గురించి టెన్షన్ వద్దు. వేడి పెరిగాక 18 రోజులైనా దిగకపోతే ప్రెగ్నెన్సీ టెస్ట్ చేసుకోవచ్చు.

పెదజాలరిపేట నుంచి మా క్లినిక్‌కు ఒకామె వచ్చేది. తెల్లవారకముందే లేచి ఫిషింగ్ హార్బర్‌కు చేపలు కొనడానికి వెళ్లే మనిషికి థర్మామీటర్ ఏం కుదురుతుంది? చదువు కూడా రాదు. ఇంట్లో గోడ మీదున్న తెలుగు క్యాలెండర్‌లో బొట్టు బిళ్లలు అంటించమన్నాను. డేట్ రోజులకు ఎరుపు, పొడి రోజులకు ఆకుపచ్చ, జారుడు రోజులకు తెల్ల రాళ్లవి. మూడో నెలలో ఆ కాగితం చింపి మడత పెట్టి తెచ్చింది. డేట్ మొదలైన రోజు నుంచి లెక్కపెడితే తెల్ల రాళ్లు ప్రతి నెలా 14 నుంచి 17వ రోజు మధ్య వరసగా కూర్చున్నాయి. ఆమె భర్త మరబోటు మీద వేటకు వెళ్తాడు, ఒక్కోసారి పది పదిహేను రోజులు రాడు. ఆ తెల్ల రాళ్ల రోజుల్లో అతను సముద్రం మీదే ఉంటున్నాడని ఆ కాగితం చూస్తేగానీ ఎవరికీ తట్టలేదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదా, ఆ రెండు నెలలు అతను ఇంట్లో ఉన్నాడు. జులైలో ఆమె నెల తప్పి వచ్చింది. మందు ఏమీ ఇవ్వలేదు.

మీ వారి షిఫ్టుల చార్ట్ పక్కన పెట్టుకుని చూసుకోండి అనేది ఇందుకే. రోజూ కలవాలని లేదు. జారుడు రోజుల్లో రోజు విడిచి రోజు సరిపోతుంది. వీర్యం నిలవ చేసుకోవాలని పదేసి రోజులు దూరంగా ఉండటం వల్ల మేలు జరగదు. కార్తీక సోమవారాలు, అయ్యప్ప మాల వేసుకున్న 41 రోజులు వస్తే ఆ నెల పోయిందని బాధపడకండి, ఆ నెల గుర్తులు మాత్రం రాస్తూ ఉండండి.

మిగతా గుర్తులు తొందరగా చెబుతాను. అండం విడుదలయ్యే వేళ కొందరికి పొత్తికడుపులో ఒక పక్క కొన్ని గంటలు పోటు వస్తుంది, అందరికీ రాదు. తర్వాత రొమ్ములు బరువుగా అనిపించవచ్చు. గర్భాశయ ముఖద్వారం పైకి వెళ్లి మెత్తబడుతుంది కానీ దాన్ని చూసుకోవడం అలవాటు లేనివారికి కష్టం, మీకు అవసరం లేదు. మందుల షాపుల్లో దొరికే ఎల్‌హెచ్ స్ట్రిప్పులు (అండం విడుదలకు ముందు పెరిగే ఎల్‌హెచ్ హార్మోన్‌ను మూత్రంలో చూపించేవి) మంచివే. రెండు గీతలు సమానంగా వచ్చాక 24 నుంచి 36 గంటల్లో అండం విడుదలవుతుంది. పదకొండో రోజు నుంచి మొదలుపెట్టి మీరు డబ్బులు వృథా చేసుకోవద్దు, జిగురు మొదలయ్యాక వాడండి.

ఇవి ఎప్పుడు మోసం చేస్తాయి

పీసీఓడీ (అండాశయాల్లో నీటి బుడగల సమస్య) ఉన్నవాళ్లలో. ఒళ్లు ప్రయత్నిస్తుంది, జిగురు వస్తుంది, అండం విడుదల కాదు. మళ్లీ రెండు వారాలకు ఇంకోసారి జిగురు. నెలలో మూడుసార్లు తెల్లసొన కనిపించిందని ఒకమ్మాయి సంతోషపడితే నాకు బాధేసింది. వాళ్లకు ఎల్‌హెచ్ మామూలుగానే ఎక్కువ ఉండొచ్చు కాబట్టి స్ట్రిప్పు కూడా తప్పు చెప్పే అవకాశం ఉంది. వాళ్లకు ఫాలిక్యులర్ స్కానింగే నమ్మకం: ఫాలికల్, అంటే అండం ఉండే చిన్న సంచి, 18 నుంచి 22 మిల్లీమీటర్ల దాకా పెరిగిందా, పగిలిందా అన్నది కళ్లతో చూస్తారు. పాలిచ్చే తల్లులు, గర్భనిరోధక మాత్రలు ఈమధ్యే ఆపినవాళ్లు, నలభైల్లో ఉన్నవాళ్లు కూడా ఈ గుర్తులను మాత్రమే నమ్మకూడదు.

ఇవే గుర్తులతో గర్భం రాకుండా చూసుకోవచ్చా అని ఇంకొకరు కింద అడిగారు. నేర్పేవాళ్ల దగ్గర పద్ధతిగా నేర్చుకుని, ఇద్దరూ మాట మీద నిలబడితే పనిచేస్తుంది. మామూలుగా వాడేవాళ్లలో మాత్రం పద్ధతిని బట్టి ఏడాదికి వందకు ఇద్దరి నుంచి 23 మందికి గర్భం వస్తోంది. ఇప్పుడు పిల్లలు వద్దే వద్దు అనుకునేవాళ్లు దీని మీద ఆధారపడొద్దు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఛాయ మాత్రలు, అంతర ఇంజక్షన్, కాపర్ టీ ఉచితంగా ఉన్నాయి.

మళ్లీ మీ దగ్గరికి వస్తాను. 35 ఏళ్ల లోపువాళ్లు ఏడాది, దాటినవాళ్లు ఆరు నెలలు ప్రయత్నించాక డాక్టర్ దగ్గరికి వెళ్లాలన్నది మామూలు లెక్క. మీకు ఇంకా సమయం ఉంది. కానీ డేట్ ఒక్కోసారి 35 రోజులు దాటుతోంది కాబట్టి ఒకసారి థైరాయిడ్, ప్రొలాక్టిన్ హార్మోన్ల పరీక్షలు చేయించుకోవడం మంచిది, ప్రభుత్వ ఆసుపత్రులైన కేజీహెచ్‌లోనో ఘోషాసుపత్రిలోనో ఓపీకి వెళ్లినా చూస్తారు. అక్కడ ఇరవై ఒకటో రోజు ప్రొజెస్టిరాన్ పరీక్ష రాస్తే, మీ డేట్ 35 రోజులకు వస్తుందని గట్టిగా చెప్పండి. ఆ పరీక్ష డేట్‌కు ఏడు రోజుల ముందు చేయాలి, మీకు అది 28వ రోజు. ఇరవై ఒకటిన చేస్తే తక్కువ చూపించి, లేని లోపం అంటగడతారు. మీరొక్కరే వెళ్లకండి. మీ వారి వీర్య పరీక్ష కూడా అదే వారం చేయించండి, రెండు నుంచి ఏడు రోజులు కలవకుండా ఉండి ఇవ్వాలి. కోడలిని మూడేళ్లు ఆసుపత్రుల చుట్టూ తిప్పి, కొడుకు రిపోర్ట్ చివరికి తెచ్చిన ఇళ్లు ఎన్ని చూశానో లెక్కలేదు. ఫోలిక్ యాసిడ్ రోజూ 400 మైక్రోగ్రాములు ఇప్పటి నుంచే మొదలుపెట్టండి, గర్భం వచ్చాక మొదలుపెడితే బిడ్డ వెన్ను తయారయ్యే రోజులు సగం దాటిపోతాయి.

మీ అత్తగారు క్యాలెండర్ చూసి పద్నాలుగో రోజు గుర్తుచేస్తున్నారని రాశారు. ఆవిడ ప్రేమతోనే చెబుతున్నారు. "అత్తయ్యా, నాకు 35 రోజులకు కదా, నా రోజులు ఇరవై దగ్గర వస్తాయట" అని మీరే మెల్లగా చెప్పండి.

ఇవాళ మీకు ఎన్నో రోజో రాయలేదు. పదిహేను లోపే అయితే ఈ నెల నుంచే మొదలుపెట్టండి. రెండు నెలలు రాశాక జిగురు ఏ రోజు మొదలైందో, ఏ రోజు ఆగిందో, డేట్ ఎప్పుడొచ్చిందో ఇక్కడే రాయండి, చూసి చెబుతాను.